బెంగళూరు నడిబొడ్డున పెద్ద హోటల్లో 2 రాత్రులు: సిల్వర్ సభ్యత్వంతో ఏమొస్తుంది, ఏం రాదు?

ఓర్వకల్లు_రాళ్ళు (కర్నూలు)

కర్నూలు నుంచి రైల్లో బెంగళూరు, ఆదివారం వందే భారత్‌లో తిరుగు. ఇద్దరు పెద్దవాళ్ళు, 8 ఏళ్ల పాప. శుక్ర, శని రాత్రులు ఉండాలి. కబ్బన్ పార్కు చుట్టుపక్కల మంచి హోటల్ కావాలి. హెచ్‌డీఎఫ్‌సీ మారియట్ బాన్‌వాయ్ క్రెడిట్ కార్డు ఉంది (బాన్‌వాయ్ అంటే మారియట్ హోటళ్ళ సభ్యత్వ పథకం). దాంతో సిల్వర్ హోదా, 15,000 పాయింట్ల దాకా చెల్లే ఒక ఉచిత రాత్రి వచ్చాయి. ఒక రాత్రి దానిమీద, ఇంకో రాత్రి డబ్బు కట్టి ఉందామని ఆలోచన.

అడగాల్సినవి: సిల్వర్‌కు టిఫిన్ ఉచితమా? పెద్ద గది ఇస్తారా? బుకింగ్ యాప్‌లో ధర తక్కువ కనిపిస్తోంది, అక్కడ చేసుకోవచ్చా? ఆలస్యంగా ఖాళీ చేయనిస్తారా?

పెన్నేటి_గట్టు (అనంతపురం)

సిల్వర్‌కు టిఫిన్ రాదప్పా. ముందే చెప్తాండా, కౌంటర్ దగ్గర అడిగి ముఖం చిన్నబుచ్చుకోవద్దు. మారియట్‌లో ఏడాదికి 10 రాత్రులు ఉంటే సిల్వర్, 25కు గోల్డ్, 50కి ప్లాటినం, 75కు టైటానియం. 100 రాత్రులు, దానిపైన 23,000 డాలర్ల ఖర్చు ఉంటే అంబాసడర్. కార్డు ఏటా 10 రాత్రుల లెక్క ఊరికే వేస్తాది కాబట్టే నీకు సిల్వర్ వచ్చింది.

సిల్వర్‌కు నికరంగా దక్కేది పాయింట్ల మీద 10 శాతం అదనం. ఆలస్యంగా ఖాళీ చేయడం గది ఖాళీని బట్టే. గోల్డ్‌కు పాయింట్లు 25 శాతం అదనం, మధ్యాహ్నం 2 దాకా గది. అదీ వీలుంటేనే. అసలు సుఖమంతా ప్లాటినంలో ఉండాది: సాయంత్రం 4 దాకా గది (రిసార్టులు, కన్వెన్షన్ హోటళ్ళలో మాత్రం వీలుంటేనే), లాంజ్ (సభ్యులు కూర్చుని తిని తాగే ప్రత్యేక గది) ఉన్న హోటల్లో సభ్యుడికి, ఇంకొకరికి లాంజ్ ప్రవేశం, చాలా బ్రాండ్లలో టిఫిన్. రిట్జ్ కార్ల్‌టన్‌లో ప్లాటినం అయినా ఉచిత టిఫిన్ లేదు, పాయింట్లే. పేరు పెద్దదని అన్నీ వస్తాయనుకోవద్దు.

కౌంటర్_వెనక (కర్నూలు, ఇప్పుడు బెంగళూరు)

యాప్‌లో ధర సంగతి. బయటి బుకింగ్ యాప్‌లో తీసుకున్న గదికి పాయింట్లు రావు, రాత్రుల లెక్కా పడదు. హోదా ప్రకారం ఇవ్వాల్సినవి ఇచ్చే బాధ్యత కూడా హోటల్‌కు ఉండదు. కొందరు మర్యాదకు ఇస్తారు, అది హక్కు కాదు. హోటల్ సొంత సైట్‌లో లాగిన్ అయ్యాక కనిపించే సభ్యుల ధరనూ బయటి యాప్ ధరనూ పక్కపక్కన పెట్టేటప్పుడు మూడు చూడండి: పన్నుతో కలిపిన ధరేనా, టిఫిన్ ఉందా, రద్దు చేస్తే డబ్బు వాపసు ఉందా. బయట 600 తక్కువ అని కనిపించేది చాలాసార్లు వాపసు లేని ధర.

నిజంగానే బయట తక్కువుంటే మారియట్‌కు 'ఉత్తమ ధర హామీ' ఉంది. సొంత సైట్‌లో బుక్ చేసిన 24 గంటల్లోపు దరఖాస్తు పెట్టాలి. అదే గది రకం, అవే తేదీలు, అవే రద్దు షరతులు ఉండాలి. ఒప్పుకుంటే బయటి ధరకు దించి దానిపైన 25 శాతం తగ్గింపో, లేదంటే 5,000 పాయింట్లో ఇస్తారు. 'సిటీ వ్యూ' కు 'డీలక్స్' ను జోడించి పెట్టే దరఖాస్తులు అక్కడికక్కడే తిరిగి వస్తాయి.

ఇక పెద్ద గది. ఆ రోజు దిగేవాళ్ళ జాబితాను పొద్దున్నే తీసి, హోదా ప్రకారం పైనుంచి కిందికి గదులు కట్టేస్తారు. సిల్వర్ వంతు వచ్చేసరికి మిగిలింది మిగిలినట్టు. మధ్యాహ్నం 3కు వచ్చి గట్టిగా అడగడంకన్నా, ముందురోజు యాప్‌లోని చాట్‌లో 'పై అంతస్తు, లిఫ్టుకు దూరంగా, రెండు మంచాలు కాదు, ఒకే పెద్ద మంచం' అని రాస్తే పని అవుతుంది. అది గది మార్పు కాదు, గది ఎంపిక. దానికి ఖర్చు లేదు కాబట్టి కౌంటర్‌లో ఎవరూ కాదనరు.

చిట్టా_ఆవర్జా (కడప)

అందరూ పాయింట్లు లెక్కపెడుతున్నారు, పన్ను గీత ఎవరూ చూడటంలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి జీఎస్‌టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. బోర్డు మీద రాసిన ధర మీద కాదు, మీ దగ్గర నిజంగా తీసుకున్న ధర మీద, ఏ రోజుకారోజు.

7,400 గది: పన్నుతో 7,770.
7,600 గది: పన్నుతో 8,968.

200 తేడా 1,198 అయ్యింది. ఇప్పుడు టిఫిన్ కలిపిన ధర చూడండి. వట్టి గది 7,200 అనుకుందాం, టిఫిన్‌తో కలిపి 8,200. గదితో కలిపి అమ్మే టిఫిన్‌కు గది పన్నే పడుతుంది, పైగా మొత్తం గీత దాటింది. 8,200కు పన్నుతో 9,676. వట్టి గది తీసుకుని 7,560 కట్టి, కిందికెళ్ళి అదే 1,000 టిఫిన్ విడిగా తింటే, హోటల్ రెస్టారెంటులో 18 శాతం వేసినా 1,180. మొత్తం 8,740. అవే ఇడ్లీలు, 936 మిగులు.

గది ధర ముందే 7,500 దాటి ఉంటే ఈ కిటుకు పనిచేయదు. అప్పుడు టిఫిన్ కలిపిన ధరే సాధారణంగా చవక.

కారందోసె_కడప

ఇడ్లీకి 1,180 అంటే మా ఊర్లో పెళ్ళి టిఫిన్ పెట్టొచ్చు సామీ. కబ్బన్ పార్కు దగ్గర బయటికి నడిచి తింటే ఏమైతాది?

చిట్టా_ఆవర్జా (కడప)

ఏమీ కాదు, అదే మంచిది. కానీ మాట్లాడేది సభ్యత్వం గురించి కదా.

పెన్నేటి_గట్టు (అనంతపురం)

పెద్ద హోటళ్ళలో గది ఇచ్చేది 2 లేదా 3కు. యశ్వంత్‌పూర్‌లో దిగితే అక్కడే ఆకుపచ్చ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో ఊదా లైన్‌కు మారితే కబ్బన్ పార్కు స్టేషన్. విట్టల్ మాల్యా రోడ్డు హోటళ్ళకు అక్కడినుంచి ఆటో.

తిరుగు వందే భారత్ యశ్వంత్‌పూర్‌లో బయల్దేరేది మధ్యాహ్నం 2:45 ప్రాంతంలో. అంటే ఆదివారం 1కే హోటల్ వదలాల. 4 దాకా గది ఇస్తామన్నా నీకు అక్కరకు రాదు. 12కు ఖాళీ చేసి, పెట్టెలు బెల్ డెస్క్‌లో (సామాను చూసుకునే చోట) పెట్టి చీటీ తీసుకుంటే చాలు. ఆలస్యం కోసం అడిగేది రాత్రి 10 బస్సుకు పోయేవాళ్ళు.

రైలు దగ్గరుంటే చాలు అనుకునేవాళ్ళకు యశ్వంత్‌పూర్ పక్కనే బ్రిగేడ్ గేట్‌వేలో షెరటన్ గ్రాండ్ ఉండాది, ఓరియన్ మాల్ ఆనుకుని. అదీ బాన్‌వాయ్‌లోదే. నడిబొడ్డు కావాలంటేనే జేడబ్ల్యూ మారియట్ వైపు పోవాల.

కౌంటర్_వెనక (కర్నూలు, ఇప్పుడు బెంగళూరు)

ఓర్వకల్లు గారూ, మీ ప్రణాళికలో ఒక చిక్కు ఉంది. ఒక రాత్రి ఉచితం, ఒక రాత్రి డబ్బుకు అంటే సిస్టంలో రెండు వేర్వేరు బుకింగులు, రెండు కన్ఫర్మేషన్ నంబర్లు. ఎవరూ చెప్పకపోతే శనివారం మధ్యాహ్నం 12కు మొదటి బుకింగ్ ముగుస్తుంది. గది తాళం కార్డుకు ఆ టైమే కోడ్ చేసి ఉంటుంది కాబట్టి ఊరు తిరిగొచ్చి తలుపుకు ఆనిస్తే ఎర్ర లైటు. హౌస్‌కీపింగ్ జాబితాలో మీ గది 'ఖాళీ అయ్యేది' అని పడుతుంది. ఇంకా ఘోరం, రెండో బుకింగ్‌కు వేరే గది కట్టేసి ఉంటారు.

చేయాల్సింది: రెండూ ఒకే గది రకంలో, ఒకే పేరుతో, ఒకే సభ్యత్వ నంబరుతో బుక్ చేయండి. రెండు రోజుల ముందు హోటల్‌కు ఫోన్ చేసి రెండు నంబర్లూ చెప్పి 'ఈ రెండూ కలపండి, ఒకే గది ఉంచండి' అనండి. దిగేటప్పుడు కౌంటర్లో మళ్ళీ చెప్పి, తాళం కార్డును ఆదివారం దాకా కోడ్ చేయించండి. బిల్లులు రెండు వస్తాయి, అది మామూలే.

ఉచిత రాత్రికి గది అద్దె, దాని పన్ను ఉండవు. తిండి, లాండ్రీ మాత్రం ఉంటాయి. ఆ రాత్రి కూడా హోదా లెక్కలోకి వస్తుంది.

ఓర్వకల్లు_రాళ్ళు (కర్నూలు)

ఇది అసలు తట్టలేదు. ఉచిత రాత్రి శుక్రవారం పెట్టాలా, శనివారమా?

పాయింట్ల_పుట్ట (అనంతపురం)

మారియట్‌లో ఏ హోటల్‌కు ఎన్ని పాయింట్లు అనే స్థిరమైన పట్టిక 2022 నుంచి లేదు. తేదీని బట్టి మారుతుంది. కాబట్టి రెండు రాత్రులనూ విడివిడిగా వెతికి, పాయింట్ల ధర, డబ్బు ధర రెండూ కాగితం మీద రాసుకోండి. 15,000 లోపు ఉన్న రాత్రి మీద ఉచిత రాత్రి వాడండి. రెండూ లోపలే ఉంటే డబ్బు ధర ఎక్కువున్న రాత్రికి వాడండి. కాస్త దాటితే ఖాతాలోని పాయింట్లు కొన్ని కలిపి నింపుకోవచ్చు. వ్యాపారుల తాకిడి ఉండే నడిబొడ్డు హోటళ్ళలో సోమ నుంచి గురు దాకా ధర ఎక్కువ, వారాంతం తక్కువ. పెళ్ళిళ్ళ ముహూర్తాలుంటే అంతా తలకిందులు.

ఉచిత రాత్రికి గడువు ఉంది. గడువులోపు బుక్ చేస్తే చాలదు, ఉండటం కూడా పూర్తి కావాలి. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

పాయింటు విలువ లెక్క ఇలా. గది 9,000, పన్నుతో 10,620. అదే రాత్రికి 15,000 పాయింట్లు అడిగితే పాయింటుకు 70 పైసలు. అంతకన్నా తక్కువ వస్తే డబ్బు కట్టి పాయింట్లు దాచుకోండి. పాయింట్లు కొనడం సంగతి: వెయ్యికి 12.50 డాలర్లు. డాలరు 90 అనుకుంటే పాయింటు 1 రూపాయి 12 పైసలు. రూపాయికి పైన కొని 70 పైసలకు వాడటం ఎవరికి లాభమో మీరే చెప్పండి. తగ్గింపు రోజుల్లో, 2,000 పాయింట్లు తక్కువై ఒక బుకింగ్ ఆగిపోయినప్పుడు తప్ప కొనకూడదు.

సంపాదన వైపు: ఎక్కువ బ్రాండ్లలో డాలరుకు 10 పాయింట్లు, పన్ను కలపని ధర మీద. 9,000 గది అంటే 100 డాలర్లు, 1,000 పాయింట్లు, సిల్వర్‌కు 100 అదనం. అదే బిల్లు ఆ కార్డుతో కడితే 150కి 8 పాయింట్లు, అంటే 10,620 మీద ఇంకో 560 దాకా. 24 నెలలు ఖాతాలో కదలిక లేకపోతే పాయింట్లు పోతాయి.

కారందోసె_కడప

కార్డుకు ఏడాది రుసుము 3,000, పైన జీఎస్‌టీ కలిపి 3,540. అంత కట్టి వాడాలా?

పాయింట్ల_పుట్ట (అనంతపురం)

ఉచిత రాత్రిని ఏటా 6,000 పైబడిన గది మీద వాడేవాళ్ళకు గిట్టుబాటు. వాడకుండా వదిలేసేవాళ్ళకు దండగ. అది వీసా, మాస్టర్‌కార్డ్ కాదు, డైనర్స్ క్లబ్ కార్డు. మన ఊళ్ళలో చిన్న అంగళ్ళ మిషన్లలో కొన్నిసార్లు నడవదు. కాబట్టి జేబులో రెండో కార్డు ఉండాలి.

ఇంకో మాట. ఫోన్లో 'క్లబ్ మారియట్ సభ్యత్వం తీసుకోండి' అని అమ్ముతారు. అది డబ్బు కట్టి తీసుకునే వేరే పథకం, ముఖ్యంగా తిండి మీద తగ్గింపులకు. బాన్‌వాయ్ ఉచితం. దానికీ దీనికీ ముడిపెట్టుకోవద్దు.

కౌంటర్_వెనక (కర్నూలు, ఇప్పుడు బెంగళూరు)

దిగేటప్పుడు పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులు చూపాలి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి తీసుకోరు. బుకింగ్ పేరు, సభ్యత్వ పేరు, గుర్తింపు కార్డు పేరు ఒక్కటే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనవాళ్ళకు ఎప్పుడూ ఉండేదే. సభ్యత్వం ఆయన పేర, దిగేది ఆమె అయితే లెక్క పడదు.

డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే ఇవ్వండి. దాని మీద డబ్బు తీయరు, కొంత మొత్తాన్ని బిగించి ఉంచుతారు, ఖాళీ చేశాక వదులుతారు. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలో డబ్బు నిజంగానే ఆగిపోతుంది, తిరిగి రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

ఇదే దారిలో హైదరాబాద్ ప్రశ్న. రాత్రి బస్సు తెల్లవారి 4:30కు దించుతుంది. గది 3కు. ట్యాంక్‌బండ్ దగ్గర మారియట్‌లో ముందురోజు నుంచే బుక్ చేస్తే సరిపోతుందా?

కౌంటర్_వెనక (కర్నూలు, ఇప్పుడు బెంగళూరు)

సరిపోతుంది, ఒక్క షరతు మీద. హోటళ్ళలో అర్ధరాత్రి దాటాక ఆ రోజు లెక్కలు మూస్తారు, దాన్ని నైట్ ఆడిట్ అంటారు. అప్పటికి రానివాళ్ళను 'రాలేదు' అని గుర్తు పెడతారు. ఆ గుర్తుతో మొదటి రాత్రి డబ్బు పట్టడమే కాదు, మిగతా రాత్రుల బుకింగ్ కూడా రద్దయిపోవచ్చు. 4:30కు గదికోసం వచ్చి నిలబడితే 'మీ పేరు లేదు' అంటారు. కాబట్టి బుక్ చేసిన వెంటనే ఫోన్ చేసి 'తెల్లవారి 5కు వస్తాం, గది నిలబెట్టండి' అని చెప్పి, ఈమెయిల్‌లో రాయించుకోండి. యాప్‌లో ముందుగానే మొబైల్ చెక్ఇన్ నొక్కండి.

ఆ అదనపు రాత్రి ఖర్చు వద్దనుకుంటే పొద్దున 8, 9కి అడగండి. రాత్రి ఖాళీగా ఉండిపోయిన గది ఏదైనా అప్పటికి శుభ్రంగా సిద్ధంగా ఉంటుంది. శనివారం పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

చిట్టా_ఆవర్జా (కడప)

కర్నూలు, ఆదోని వ్యాపారులకు ఒక హెచ్చరిక. హైదరాబాద్ హోటల్లో కంపెనీ జీఎస్‌టీ నంబరు ఇచ్చి బిల్లు రాయించుకుంటారు, నెలాఖరున ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకునే వీలు) రాదని తిడతారు. గది ఎక్కడుందో అదే సరఫరా స్థలం. తెలంగాణ హోటల్ వేసేది కేంద్ర, తెలంగాణ పన్నులు. ఆంధ్ర నంబరున్న సంస్థకు ఆ క్రెడిట్ వాడుకునే దారి లేదు. బెంగళూరు, చెన్నైకీ ఇదే. ఖర్చుగా రాసుకోవచ్చు, అంతే. కాబట్టి 18 శాతం 'ఎలాగూ వెనక్కి వస్తుంది' అనుకుని ఖరీదైన గది తీసుకోవద్దు.

కారందోసె_కడప

చెన్నైకి ఆసుపత్రి పనిమీద పోయేవాళ్ళకు ఏది నయం? వరసగా 5, 6 రోజులు ఉండాల్సొస్తాది.

పాయింట్ల_పుట్ట (అనంతపురం)

పాయింట్లుంటే మారియట్‌లో ఒకే హోటల్లో వరసగా 5 రాత్రులు పాయింట్లతో తీసుకుంటే 4 రాత్రులకే పాయింట్లు కోస్తారు. మధ్యలో ఒక రాత్రి డబ్బుకు మార్చినా, ఉచిత రాత్రి చొప్పించినా ఆ లాభం పోతుంది. హిల్టన్‌లో కూడా సిల్వర్ నుంచి ఐదో రాత్రి ఉచితం ఉంది.

మీకు కావాల్సింది పొద్దున టిఫిన్ అయితే హిల్టన్ చూడండి. అక్కడ గోల్డ్‌కే మన దేశంలో ఇద్దరికి టిఫిన్ ఉచితం, బెంగళూరు కాన్‌రాడ్‌తో సహా. హయత్‌లో 60 రాత్రుల గ్లోబలిస్ట్ దాకా పోతేనే. చెన్నై గిండీలోని ఐటీసీ గ్రాండ్ చోళ బాన్‌వాయ్‌లోనూ ఉంది, ఐటీసీ సొంత పథకమైన క్లబ్ ఐటీసీలోనూ ఉంది. ఒక బసకు ఒకే ఖాతా, దిగేటప్పుడే చెప్పాలి. తాజ్ హోటళ్ళ వైపు పాయింట్లకు బదులు టాటాల న్యూ కాయిన్లు, 1 కాయిన్ 1 రూపాయి, లెక్కకు తలనొప్పి లేదు.

ఏడాదికి మూడుసార్లు పోయేవాళ్ళు మూడు పథకాల్లో చెదిరితే ఎక్కడా ఏమీ పోగవదు.

పెన్నేటి_గట్టు (అనంతపురం)

పెళ్ళికి 3 గదులు తీసుకునేవాళ్ళు: సభ్యుడు అక్కడే ఉండి మూడింటికీ డబ్బు కడితే మూడింటి పాయింట్లూ వస్తాయి. రాత్రుల లెక్క మాత్రం ఒక్క గదికే. 10 గదులు కట్టి గోల్డ్ కొట్టేద్దామనే పప్పులుడకవు.

కౌంటర్_వెనక (కర్నూలు, ఇప్పుడు బెంగళూరు)

ఖాళీ చేసేటప్పుడు చూడాల్సింది. బిల్లును ఈమెయిల్‌కు పంపమని వచ్చేయకుండా కౌంటర్లో చదవండి. పైన కుడిపక్క మీ సభ్యత్వ నంబరు పడిందా? లేకపోతే అక్కడే పడేయించండి. గది అద్దె ప్రతి రాత్రికి ఒక వరుస, దాని కింద రెండు పన్ను వరుసలు. మినీబార్ అని వరుసుంటే ఏం తీశారో అడగండి. పాప తీసి మళ్ళీ పెట్టేసిన చాక్లెట్టు కూడా ఒక్కోసారి అందులో ఉంటుంది. రెస్టారెంటు బిల్లులో సేవా రుసుము కలిపి ఉంటే తీసేయమనొచ్చు. దాన్ని తప్పనిసరిగా వేయకూడదన్న కేంద్ర వినియోగదారుల సంస్థ మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది.

పాయింట్లు రెండు వారాల్లో రాకపోతే బాన్‌వాయ్ ఖాతాలో 'మిస్సింగ్ స్టే' దరఖాస్తు ఉంది. దానికి బిల్లు మీది నంబరు, తేదీలు కావాలి. ఆ బిల్లు పారేయొద్దు.

ఓర్వకల్లు_రాళ్ళు (కర్నూలు)

వెతికి చూశాను. శుక్రవారం 14,500 పాయింట్లు, శనివారం 17,000. డబ్బుకైతే శుక్రవారం 9,800, శనివారం 9,200, రెండూ పన్ను కాక. ఉచిత రాత్రి శుక్రవారానికి పెట్టి, శనివారం టిఫిన్‌తో కలిపి సభ్యుల ధరకు తీసుకుంటున్నా. గది ధర ముందే 7,500 దాటింది కాబట్టి ఆవర్జా గారి కిటుకు మాకు అంటదు.

కౌంటర్_వెనక (కర్నూలు, ఇప్పుడు బెంగళూరు)

సరిగ్గా ఉంది. రెండు బుకింగుల్లోనూ పాపను, వయసుతో సహా చేర్చండి. ఇద్దరికే రాస్తే టిఫిన్ దగ్గర మూడో మనిషికి విడిగా బిల్లు వేస్తారు. ఉన్న మంచంలోనే పడుకునే పిల్లలకు సాధారణంగా ఏమీ తీసుకోరు, అదనపు మంచం అడిగితేనే డబ్బు. శనివారం పొద్దున టిఫిన్ మీ ఉచిత రాత్రి కిందికి వస్తుంది, అందులో టిఫిన్ లేదు. ధరలో కలిసింది ఆదివారం పొద్దుటిది. ఆ రోజు రైలుంది కాబట్టి 8:30కల్లా దిగండి. 9:30 దాటితే దోసె కౌంటర్ దగ్గర వరుస ఉంటుంది.

కారందోసె_కడప

శనివారం పొద్దున బయటికి నడిచి తినండి, నేను చెప్పిందదే గదా.